యునైటెడ్ జెర్సీ కనిపిస్తే ఒళ్లు మండేది ఎందుకు?

2014 ఏప్రిల్ 27, ఆదివారం సాయంత్రం. అమీర్‌పేటలో ముగ్గురం కలిసి ఉండే రూమ్‌లో కూర్చుని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో లివర్‌పూల్, చెల్సీ మ్యాచ్ చూస్తున్నాను. నేను లివర్‌పూల్ అభిమానిని. వరసగా 11 మ్యాచ్‌లు గెలిచిన లివర్‌పూల్‌కు 24 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ చేతికి అందేంత దగ్గరకు వచ్చింది. ఫస్టాఫ్ ఇక ముగుస్తుందనగా కెప్టెన్ స్టీవెన్ జెరార్డ్ దగ్గరకు మామూలు పాస్ ఒకటి వచ్చింది. బంతి కాలి కింద నుంచి జారిపోయింది. దాని కోసం తిరగబోయి మనిషి కూడా జారాడు. చెల్సీ ఆటగాడు డెంబా బా ఆ బంతి తీసుకుని, ఎదురు ఎవరూ లేని మైదానంలో పరిగెత్తి గోల్ కొట్టేశాడు.

మ్యాచ్ 2-0తో పోయింది. టైటిల్ చివరికి రెండే రెండు పాయింట్ల తేడాతో మాంచెస్టర్ సిటీకి వెళ్లింది.

ఓడించింది చెల్సీ. కప్పు ఎత్తుకుపోయింది సిటీ. నాకు మాత్రం ఆ రెండు క్లబ్బుల మీదా కోపం రాలేదు. పక్క మంచం మీద ఎర్ర జెర్సీ వేసుకుని పడుకుని, జెరార్డ్ పడగానే లేచి కూర్చుని, "జారిండు రా మామా, జారిండు!" అని చప్పట్లు కొట్టిన ఖమ్మం అబ్బాయి మీద వచ్చింది. వాడు మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని. ఆ సీజన్‌లో యునైటెడ్ ఏడో స్థానంలో నిలిచింది. వాళ్ల మేనేజర్ (మన మాటల్లో కోచ్) డేవిడ్ మోయెస్‌ను ఆ మ్యాచ్‌కు ఐదు రోజుల ముందే తీసేశారు. అంటే ఆ రోజు మా ఇద్దరిలో ఎక్కువ దిగులుగా ఉండాల్సింది వాడు. అయినా వాడి నవ్వే నాకు గుచ్చుకుంది. వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

ఇది నా ఒక్కడి సంగతైతే ఇంత రాయనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో దీనికి ఒక పేరే ఉంది: ఏబీయూ. 'ఎనీవన్ బట్ యునైటెడ్', అంటే యునైటెడ్ తప్ప ఎవరు గెలిచినా సరే అని. లివర్‌పూల్, లీడ్స్, ఆర్సెనల్, సిటీ అభిమానులకు ఒకరంటే ఒకరికి పడకపోయినా ఈ ఒక్క మాట మీద కలుస్తారు. గమనించాల్సింది ఏమిటంటే, వాళ్లలో చాలామంది యునైటెడ్ ఆటగాడు పాల్ స్కోల్స్ పాస్‌లను మెచ్చుకుంటారు, మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ బుర్రకు దండం పెడతారు. మంటంతా ఆ జెర్సీ వేసుకుని పక్కన కూర్చునేవాళ్ల మీదే.

అందరూ చెప్పే కారణం అసూయ. అందులో నిజం లేకపోలేదు. 1986 నవంబర్‌లో వచ్చిన ఫెర్గూసన్ 2013లో దిగిపోయేలోపు 13 లీగ్ టైటిళ్లు, 5 ఎఫ్ఏ కప్పులు (ఇంగ్లండ్ నాకౌట్ కప్పు), 2 ఛాంపియన్స్ లీగ్‌లు (యూరప్ మేటి క్లబ్బుల టోర్నీ) గెలిచిపెట్టాడు. ఒక తరం పిల్లలు బడిలో చేరి, చదువు ముగించి, ఉద్యోగాల్లో కుదురుకునేదాకా ఆ క్లబ్ గెలుస్తూనే ఉంది. ఎవరికైనా కడుపు మండుతుంది.

కానీ అసూయ ఒక్కటే అయితే లెక్క కుదరదు. మాంచెస్టర్ సిటీని చూడండి. 2021 నుంచి 2024 వరకు వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు గెలిచింది. ఇంగ్లండ్ చరిత్రలో అంతకుముందు ఎవరికీ సాధ్యం కాని పని అది. 2023లో లీగ్, ఎఫ్ఏ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ ఒకే సీజన్‌లో పట్టుకుపోయింది. ఆ ఏళ్లలో లివర్‌పూల్ నోటి దగ్గరి కూడు లాక్కున్నది సిటీయే. 2019లోనూ, 2022లోనూ ఒక్కటంటే ఒక్క పాయింట్ తేడా! అయినా సిటీ పేరెత్తితే లివర్‌పూల్ అభిమాని మాట్లాడేది ఆ క్లబ్ యజమానుల అబూ ధాబీ డబ్బు గురించి, 2023 ఫిబ్రవరిలో లీగ్ పెట్టిన ఆర్థిక అభియోగాల గురించి. సిటీ అభిమానుల ప్రస్తావన పెద్దగా రాదు. యునైటెడ్ పేరెత్తండి, వెంటనే మనుషుల మీదకు వెళ్తాడు. "మా ఆఫీసులో ఒకడున్నాడు" అని మొదలుపెడతాడు.

నా ఉద్దేశంలో ముడి అంతా ఆ "ఒకడున్నాడు" దగ్గరే ఉంది. గెలిచిన ఆటగాడు సోమవారం ఉదయం మీ ఆఫీసుకు రాడు, వాడి అభిమాని వస్తాడు. మన ఓటమికి ఒక ముఖం, ఒక గొంతు, ఒక వెకిలి నవ్వు దొరికేది వాడి దగ్గరే. ఒక క్లబ్ ఎక్కువకాలం గెలిస్తే అలాంటి ముఖాలు ప్రతి బడిలో, ప్రతి టీ కొట్టు దగ్గర, ప్రతి చుట్టాల ఇంట్లో తయారవుతాయి. సిటీ గెలుపులు కొత్తవి కాబట్టి ఆ ముఖాలు ఇంకా అంతగా పెరగలేదు. అందుకే సిటీ మీద కోపం టీవీ దగ్గర ఆగిపోతుంది. యునైటెడ్ మీద కోపం ఇంట్లోకి వస్తుంది.

అమెరికాలో రాబర్ట్ చాల్డీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1976లో ఒక పరిశోధన ప్రచురించాడు. అక్కడి యూనివర్సిటీ టీమ్ శనివారం గెలిస్తే, సోమవారం క్లాసుకు ఆ యూనివర్సిటీ పేరున్న బట్టలు వేసుకొచ్చే విద్యార్థులు పెరిగారు. మ్యాచ్ గురించి అడిగితే గెలిచినప్పుడు "మనం" అన్నారు, ఓడినప్పుడు "వాళ్లు" అన్నారు. కాలు కదపకుండానే గెలుపులో వాటా తీసుకోవడం మనిషి నైజం. మన దగ్గర ఇండియా గెలిచిన రాత్రి "మనం గెలిచాం", ఓడిన రాత్రి "వీళ్లకు ఆడడం రాదు" అనడం వినని ఇల్లు ఉంటుందా?

ఎదుటివాడికి నచ్చనిది సరిగ్గా ఈ వాటాయే. ఫుట్‌బాల్ అభిమానుల లోకంలో రాసిపెట్టని చట్టం ఒకటుంది: సంతోషం ఊరికే రాకూడదు, ముందు బాధతో దాని ఖరీదు కట్టాలి. వానలో తడిసి, ఓటమి చూసి, ఆఖరి రైలు పట్టుకుని ఇంటికి చేరినవాడికే గెలిచిన రోజు ఏడ్చే హక్కు. యునైటెడ్ అభిమాని ఆ ఖరీదు కట్టకుండా పంక్తిలో కూర్చుని భోంచేస్తున్నాడని మిగతావాళ్ల నమ్మకం. 'గ్లోరీ హంటర్' అన్న తిట్టు పుట్టింది అందులోంచే. గెలుపు ఎక్కడుంటే అక్కడ వాలేవాడని దాని అర్థం. ఆ తిట్టులో ఉన్నది అసూయ కంటే అన్యాయం జరిగిందన్న బాధ అని నాకనిపిస్తుంది. రేషన్ క్యూలో గంట నిలబడ్డవాడు, పక్క నుంచి వచ్చి సంచీ నింపుకుని వెళ్లేవాడిని చూసే చూపు అది.

1999 మే నెలాఖరు వారాన్ని దగ్గరగా చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. మే 26 బుధవారం రాత్రి బార్సిలోనాలోని క్యాంప్ నౌలో బయర్న్ మ్యూనిక్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఆరో నిమిషం నుంచి 0-1తో వెనకబడిన యునైటెడ్, 90 నిమిషాలు దాటాక షెరింగ్‌హామ్, సోల్‌షార్‌ల రెండు గోల్స్‌తో గెలిచింది. ఆ సీజన్‌లో వాళ్లకు అది మూడో కప్పు. మర్నాడు మాంచెస్టర్ వీధుల్లో లక్షల మంది మధ్య ఓపెన్ బస్సులో ఊరేగింపు.

అదే ఊళ్లో సిటీ అభిమానులు అప్పటికి మూడో డివిజన్‌లో ఉన్నారు. మాక్లెస్‌ఫీల్డ్ లాంటి చిన్న ఊరి టీమ్‌తో లీగ్ మ్యాచ్ ఆడాల్సిన స్థితి. అయినా సిటీ సొంత మైదానం 'మెయిన్ రోడ్'కు మ్యాచ్‌కు సగటున 28 వేల మంది వచ్చారు. మూడో డివిజన్‌లో అది ఊహకందని సంఖ్య. బార్సిలోనా ఫైనల్ అయిన నాలుగో రోజు, మే 30న, వెంబ్లీలో గిల్లింగ్‌హామ్‌తో, పై డివిజన్‌కు ఎవరు ఎక్కాలో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్. 87వ నిమిషానికి 0-2. కొందరు సిటీ అభిమానులు లేచి బయటకు నడిచారు. 90వ నిమిషంలో కెవిన్ హార్లాక్ ఒక గోల్ కొట్టాడు. 95వ నిమిషంలో పాల్ డికోవ్ ఇంకొకటి కొట్టాడు. పెనాల్టీల్లో నిక్కీ వీవర్ రెండు ఆపాడు, సిటీ రెండో డివిజన్‌కు ఎక్కింది. బయటకు వెళ్లినవాళ్లు ఆ అరుపులు విని మెట్ల మీద పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చే దృశ్యాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఒక ఊరు, ఒక వారం, ఆఖరి క్షణాల్లో రెండు అద్భుతాలు. ఒకదాన్ని లోకమంతా చూసింది. రెండోదాన్ని చూసినవాళ్లు, తమదే అసలైనదని ఈ రోజుకూ నమ్ముతారు.

పైగా యునైటెడ్ అభిమానులు ఆ గాయాన్ని మాననివ్వలేదు. తమ స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోని స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్ వైపు ఒక బ్యానర్ కట్టారు. 1976 తర్వాత సిటీ పెద్ద కప్పు గెలవక ఎన్నేళ్లయిందో దాని మీద అంకె ఉండేది, ఏటా ఒకటి పెంచేవారు. 2011 మే 14న సిటీ ఎఫ్ఏ కప్ గెలిచాక గానీ అది దిగలేదు. అదే రోజు యునైటెడ్ తన 19వ లీగ్ టైటిల్ ఖాయం చేసుకుని లివర్‌పూల్ 18ని దాటేసింది. గెలిచినవాడు ఊరుకుంటే ఓడినవాడు మర్చిపోతాడు. పుండు మీద ఏటేటా కారం చల్లుతుంటే ఎలా మర్చిపోతాడు?

యునైటెడ్ అభిమానులు ఖరీదు కట్టలేదన్నది నిజమా? ఇక్కడ నేను నా సొంత మనుషులతోనే విభేదిస్తాను. ఆ క్లబ్‌కు దేశదేశాల్లో మనుషులు దగ్గరైంది గెలుపు వల్ల మాత్రమే కాదు. 1958 ఫిబ్రవరి 6న, బెల్‌గ్రేడ్‌లో మ్యాచ్ ఆడి వస్తున్న టీమ్ విమానం మ్యూనిక్‌లో బురదమంచు రన్‌వే మీద మూడోసారి ఎగరబోయి కూలింది. 23 మంది చనిపోయారు, వాళ్లలో 8 మంది ఆటగాళ్లు. 21 ఏళ్ల డంకన్ ఎడ్వర్డ్స్ 15 రోజులు ఆసుపత్రిలో పోరాడి పోయాడు. ఆ దుఃఖంలో మాంచెస్టర్ ముఖం చూడనివాళ్లు కూడా ఆ టీమ్‌ను తమదనుకున్నారు. పదేళ్లకు, 1968లో, మేనేజర్ మ్యాట్ బస్బీ టీమ్ యూరోపియన్ కప్ (ఛాంపియన్స్ లీగ్ పాత పేరు) ఎత్తింది. ఆ తర్వాత పతనం. 1974లో రెండో డివిజన్‌కు దిగిపోయారు. 1967 నుంచి 1993 దాకా 26 ఏళ్లు లీగ్ టైటిల్ లేదు. ఆ కాలంలో దాదాపు ఏటా ఏదో ఒక కప్పు ఎత్తుతూ యునైటెడ్ వాళ్లను ఏడిపించింది మా లివర్‌పూలే. అప్పట్లో ఊరూరా కనిపించి చిరాకు పుట్టించిన అభిమాని మావాడే. చోటు మారింది, పాత్ర అదే.

అయినా 1992 తర్వాత లెక్క మారిన మాట నిజం. ఆ ఏడాది ప్రీమియర్ లీగ్ పుట్టింది, స్కై టీవీ డబ్బు వచ్చింది, మ్యాచ్‌లు సముద్రాలు దాటాయి. సరిగ్గా అప్పుడే యునైటెడ్ గెలవడం మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాదే క్లబ్ షేర్లు స్టాక్ మార్కెట్‌కు వచ్చాయి. బాగా ఆడే టీమ్, దాన్ని ప్రపంచమంతా చూపించే టీవీ, అమ్మడం తెలిసిన క్లబ్ ఒకేసారి కలిస్తే అభిమానులు వరదలా వచ్చారు. ఎదుటి టీమ్ వాళ్లు స్టేడియంలో "మీరు అసలు మాంచెస్టర్ వాళ్లేనా?" అని పాడడం మొదలుపెట్టారు. 2000 నవంబర్‌లో యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ కూడా సొంత స్టేడియంలో మందు, రొయ్యల శాండ్‌విచ్‌ల మీద ఉన్న ధ్యాస ఆట మీద లేనివాళ్లు ఉన్నారని బహిరంగంగా కోప్పడ్డాడు. ఈ కోపం బయటివాళ్లకే పరిమితం కాదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

"మీరు అక్కడివాళ్లేనా?" అన్న ప్రశ్న మాలాంటివాళ్లకు ఇంకా గట్టిగా తగులుతుంది. హైదరాబాద్‌కు ఒకప్పుడు సొంత టీమ్ ఉండేది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. నేను పెరిగేనాటికి అది పెద్దవాళ్లు చెప్పే కబురు. మాకు ఫుట్‌బాల్ అంటే కేబుల్ టీవీలో శనివారం రాత్రి వచ్చే ఇంగ్లండ్. 2005 మే 26 తెల్లవారుజామున, ఇంట్లో అందరూ నిద్రపోతుంటే, సౌండ్ తగ్గించుకుని ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చూశాను. ఏసీ మిలాన్ మీద 0-3 నుంచి 3-3కు వచ్చి పెనాల్టీల్లో గెలిచిన లివర్‌పూల్ ఆ రాత్రి నాదైపోయింది. అంటే నేను కూడా గెలిచిన రాత్రే చేరాను. మా రూమ్‌లోని ఖమ్మం వాడు గ్లోరీ హంటర్ అయితే నేనూ అంతే. తర్వాత పదిహేనేళ్లు వాయిదాలు కట్టాను కాబట్టి నా అభిమానం నిఖార్సైనదని అనుకునేవాడిని. వాడు కడతాడో లేదో తెలియాలంటే ముందు వాడి క్లబ్ కూలాలి. గెలిచే క్లబ్ అభిమానికి ఉన్న చిక్కు అదే: ఓడేదాకా తన నిజాయితీని నిరూపించుకునే అవకాశమే ఉండదు.

ఇంకో మాట. అవతలివాడు ఓడితే చాలన్న ఈ సంతోషం ఎక్కడిది? మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ 1970లో ప్రచురించిన ప్రయోగాల్లో బ్రిస్టల్ బడి పిల్లలను రెండు గుంపులు చేశాడు. ఎవరికి ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్నదాన్ని బట్టి విడదీశామని చెప్పాడు గానీ, నిజానికి చీటీలు వేసినట్టు విడదీశాడు. డబ్బుగా మారే పాయింట్లు పంచమంటే, తమ గుంపుకు కాస్త తక్కువ వచ్చినా సరే అవతలి గుంపుతో తేడా పెరిగే పంపకం వైపే పిల్లలు మొగ్గారు. కాసేపటి క్రితం పుట్టిన గుంపులకే అలా ఉంటే, 1894లో మాంచెస్టర్ వ్యాపారులు లివర్‌పూల్ రేవును తప్పించి ఓడలు నేరుగా తమ ఊరికి రావడానికి తవ్వించిన కాలువ తెరిచిన నాటి నుంచి కత్తులు నూరుకుంటున్న రెండు ఊళ్ల సంగతి చెప్పాలా? యునైటెడ్ బ్యాడ్జీ మీద ఇప్పటికీ ఓడ బొమ్మ ఉంటుంది.

ఈ కోపానికి ఒక చీకటి గది కూడా ఉంది. దాని గురించి మాట్లాడకుండా ఈ విషయాన్ని సరదాగా తీసుకోవడం నాకు తప్పనిపిస్తుంది. చేతులు రెక్కల్లా చాచి మ్యూనిక్ విమానాన్ని ఎగతాళి చేసిన లివర్‌పూల్ అభిమానులు ఉన్నారు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియం తొక్కిడిలో నలిగి ప్రాణాలు పోయిన మా 97 మంది మీద పాటలు కట్టిన యునైటెడ్ అభిమానులూ ఉన్నారు. 2023 మార్చిలో లివర్‌పూల్ స్టేడియం ఆన్‌ఫీల్డ్‌లో మ్యాచ్‌కు ముందు రెండు క్లబ్బుల అప్పటి మేనేజర్లు యుర్గెన్ క్లాప్, ఎరిక్ టెన్ హాగ్ ఇద్దరూ కలిసి ఇది ఆపమని అడగాల్సి వచ్చింది. మ్యాచ్ చూడ్డానికి వెళ్లి ఇంటికి రాని పిల్లల పేర్లు ఎవరి పాటలోనూ ఉండకూడదు.

కానీ ఆ గీత అవతల నుంచి వెనక్కి రావడం సాధ్యమే. ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ యూనివర్సిటీలో మార్క్ లెవీన్ బృందం చేసి 2005లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. యునైటెడ్ అభిమానులైన విద్యార్థులను పిలిచి, తమ టీమ్ గురించి నాలుగు మాటలు రాయమన్నారు. తర్వాత పక్క బిల్డింగ్‌కు వెళ్లమన్నారు. దారిలో వాళ్ల కళ్ల ముందే పరిగెత్తుకుంటూ వస్తున్న మనిషి ఒకడు జారి పడి, చీలమండ పట్టుకుని మూలుగుతాడు. వాడి ఒంటి మీద యునైటెడ్ చొక్కా ఉన్నప్పుడు 13 మందిలో 12 మంది ఆగి సాయం చేశారు. లివర్‌పూల్ చొక్కా ఉన్నప్పుడు 10 మందిలో ముగ్గురే. ఇంకోసారి వేరే యునైటెడ్ అభిమానులను పిలిచి టీమ్ గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమానిగా ఉండడం గురించి రాయమన్నారు. ఈసారి లివర్‌పూల్ చొక్కా వాడి కోసం 10 మందిలో ఏడుగురు ఆగారు. నడిచిన దారి అదే, పడ్డవాడి చొక్కా అదే. మారింది బయలుదేరేముందు రాసిన నాలుగు ముక్కలే.

వారం తర్వాత మా రూమ్‌లో మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, కరెంటు బిల్లు విషయంలో అనుకుంటా. తర్వాత వాడు బెంగళూరు వెళ్లాడు, నేను ఇక్కడే ఉండిపోయాను. యునైటెడ్ 2013 తర్వాత లీగ్ గెలవలేదు. వాడు జెర్సీ మార్చలేదు. 2024-25లో వాళ్లు 15వ స్థానానికి పడిపోయినప్పుడు కూడా ప్రతి మ్యాచ్ చూశాడు.

2020 జూన్‌లో చెల్సీ చేతిలో సిటీ ఓడిపోవడంతో లివర్‌పూల్‌కు 30 ఏళ్ల తర్వాత టైటిల్ వచ్చింది. మన టైమ్ ప్రకారం రాత్రి దాదాపు రెండున్నర దాటింది. ఫోన్ నిండా మెసేజ్‌లు. నేను చూసింది మాత్రం వాడి పేరు కోసమే. రాలేదు. మూడున్నర దాకా మేలుకుని ఉన్నాను. వస్తే తప్ప గెలిచినట్టు అనిపించలేదు. ఉదయం ఏడింటికి వచ్చింది, ఒక్క మాట కూడా లేకుండా రెండు అంకెలు: "20-19". వాళ్ల టైటిళ్లు 20, మావి 19.

ఐదేళ్లు దాచుకున్నాను దాన్ని. 2025 ఏప్రిల్ 27, మళ్లీ ఆదివారమే, జెరార్డ్ జారిన తేదీయే. ఆన్‌ఫీల్డ్‌లో టాటెన్‌హామ్ మీద 5-1. రాత్రి పదకొండు కావస్తుంటే ఆఖరి విజిల్ వినబడగానే వాడికి "20-20" అని పంపాను. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. రెండు నిమిషాల తర్వాత ఫోన్ మోగింది.

"ఇంకొక్కటి గెలువుర్రి చూద్దాం" అన్నాడు.